ఒరిజినల్ ఆవిరి

1994లో ఒక శుక్రవారం. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో హౌస్ డ్రైవరుగా ఉన్న తిమ్మప్ప పొద్దున్నే లేచి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పనివాళ్లంతా 'బాబా' అని పిలిచే యజమాని ఉబైద్‌గారి పాత స్పోర్ట్స్ కారుని సముద్రం ఒడ్డున ప్రదర్శనకి తోలాలి. కప్పు గెలిస్తే ఆయన బీరువాలో దాచిన పాస్‌పోర్టూ, సెలవూ చేతికొస్తాయి. రాయచోటి దగ్గర పల్లెలో ఎనిమిది నెలల కొడుకున్నాడు. వాణ్ణి తిమ్మప్ప ఇంకా ఫోటోలోనే చూశాడు.

కారు 1962 నాటి ఇంగ్లీషు సరుకు. చలిదేశంలో పుట్టిన ఆ మహారాణి ఇక్కడి ఎండకి కిలోమీటరుకోసారి సలసలా కాగేది. అది తాగిన నీళ్లు రాయచోటిలో పారించి ఉంటే రెండెకరాల వేరుశనగ పండేది. అయినా ఉబైద్‌గారు ఒక్క నట్టు మార్చనిచ్చేవారు కాదు. సీటుకి ఎలుక కొట్టిన చిల్లుని కూడా "లండన్ ఎలుక! ఒరిజినల్!" అని వచ్చినవాళ్లకి చూపించి మురిసిపోయేవారు. కదలకపోవడమే కారుకి గొప్పట. కదిలేవి పనివాళ్ల కార్లట!

ముందురోజు కరీంనగర్ మెకానిక్ ఫయాజ్ బానెట్ ఎత్తి నెత్తి కొట్టుకున్నాడు.

"అన్నా, ఇది బండి కాదే, చాయ్ గిన్నె! పికప్ ట్రక్కు రేడియేటర్ పెడ్తా, ఇగ కాగది. నల్లరంగు కొడితే ఎవనికి ఎరుకైతది?"

"బాబాకు తెలిస్తే నా తోలు వలుస్తాడప్పా."

"బండి నడిస్తే కొడుకును చూస్తవ్. నడవకపోతే ఫోటో చూస్తవ్. యల్లా, ఏదో ఒకటి చెప్పు."

పెట్టేశారు. శుక్రవారం కారు గువ్వలా పోయింది. అదే కొంప ముంచింది. ముషైరిబ్ సిగ్నల్ దాటినా ఆవిరి రాకపోయేసరికి పక్కసీట్లో ఉబైద్‌గారి మొహం మాడిపోయింది.

"తిమ్మా, ఎందుకు కాగడంలేదు? ఏం మార్చావ్?"

"నేనేం మార్చలేదు బాబా! పొద్దున గదా, ఇంకా నిద్రమబ్బులో ఉండాది. అదిగో, కాగుతాంది!"

గబుక్కున దిగి, బానెట్ సగమే ఎత్తి, సీసాలో నీళ్లు వేడి ఇంజను మీద గుమ్మరించాడు. బుస్సుమంది.

"మాషా అల్లా! ఒరిజినల్!" అన్నారు ఉబైద్‌గారు, బిడ్డ తొలి మాట విన్న తండ్రిలా.

ఆ ఆనందం ఆరిపోకుండా తిమ్మప్ప మలుపు మలుపుకీ పోశాడు. మూడోసారికి నీళ్లు ప్లగ్గుల్లోకి దిగి, నిక్షేపంలాంటి కారు నిజంగానే చచ్చింది. ఆఖరి ఫర్లాంగు తోసుకెళ్లారు. లండన్ నుంచి దిగిన జడ్జి ఆ పొగలకి రెండడుగులు వెనక్కి వేసి, "ఇంతకంటే ఒరిజినల్ ఉండదు, బానెట్ ఎత్తక్కర్లేదు" అని కప్పు చేతిలో పెట్టేశాడు.

ఉబైద్‌గారు కప్పుని వాటేసుకున్నారు. "తిమ్మా, దీని జబ్బు నీ ఒక్కడికే తెలుసు. నువ్వు పోతే ఎలా? సెలవు మాఫీ! లేదు. వచ్చే ఏడు చూద్దాం."

తిమ్మప్ప లెక్క వేసుకున్నాడు. వచ్చే ఏటికి కొడుకు నడిచి ఎదురొచ్చి "ఎవరు మీరు?" అంటాడు.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు బాబా! దీన్ని ఎవరైనా తోలొచ్చు!" అంటూ బానెట్ పూర్తిగా ఎత్తేశాడు. ఇంకా ఆరని నల్లరంగు నీళ్లకి కారిపోయి, లోపల పికప్ కంపెనీ పేరు తళతళలాడుతోంది. జడ్జి కళ్లజోడు సవరించుకున్నాడు. కప్పు వెనక్కి పుచ్చుకున్నాడు.

"ఖలాస్! వీసా కేన్సిల్! సాయంత్రం విమానానికే పో!" అని అరిచారు ఉబైద్‌గారు.

ఏడాదిగా బతిమాలినా రాని పాస్‌పోర్టు గంటలో వచ్చింది. ఉన్న ఒక్క డ్రైవరునీ తీసేశారు, ఇంట్లో వాడే పెద్దకారులో ఆయన తమ్ముడు ఆడవాళ్లని బజారుకి తీసుకెళ్లాడు. దాంతో ప్లగ్గులు ఆరాక ఉబైద్‌గారే స్వయంగా ఆ స్పోర్ట్స్ కారులో తిమ్మప్పని ఎయిర్‌పోర్టుకి దింపాల్సి వచ్చింది.

దారి పొడుగునా ఎక్కడా ఆవిరి రాలేదు, ఉబైద్‌గారి ముక్కులోంచి తప్ప.