శిక్షకు అర్థం చెప్పిన నక్క

రండర్రా, దగ్గరగా జరగండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇలా వచ్చి కూర్చోండి.

ఒక పెద్ద అడవిలో సింహం కొలువు తీరి ఉండగా అడవికోడి ఏడుస్తూ వచ్చింది.

"ప్రభూ! ఈ ముంగిస నా గుడ్లు తినేసింది. రెండే మిగిలాయి. వీడికి శిక్ష వెయ్యకపోతే అవీ దక్కవు."

ముంగిస మూతికి పచ్చసొన ఇంకా ఆరలేదు. "శిక్ష వేయాల్సిందే" అంది సింహం.

ఆస్థాన పండితుడైన నక్క గబుక్కున లేచింది. ముంగిస తెచ్చే గుడ్లలో సగం దాని వాటా మరి.

"చిత్తం ప్రభూ. ఇంతకీ శిక్ష అంటే ఏమిటి? సంస్కృతంలో నేర్పడం. హిందీ అడవుల్లో చదువు. బెంగాలీ, ఒడియా అడవుల్లోనూ చదువే. మన తెలుగుకొచ్చేసరికే దానికి బెత్తం మొలిచింది."

"కన్నడంలో, మరాఠీలో కూడా దెబ్బలేనటగా?" అంది కోడి.

"మన పక్కన ఉండి చెడిపోయారమ్మా వాళ్ళు! మూలం చూడాలి, మూలం."

సింహానికి 'మూలం' అన్న మాట వింటే గౌరవం. అర్థం కాకపోతే మరీ గౌరవం. "అయితే వీణ్ణి బడిలో వెయ్యండి" అంది. తిండి, పడక కొలువు ఖర్చు. గురువు నక్కే.

సంగతి విని కుందేలమ్మ కొడుకుని వెంటబెట్టుకొచ్చింది.

"వీడు చేసిన నేరమేంటి?" అంది నక్క.

"నేరమా! చీమకైనా అపకారం చెయ్యడండీ."

"అయితే అర్హత లేదు. వెళ్ళమ్మా."

ఇంకేముంది, చదువు మీద ఆశ ఉన్న పిల్లలంతా దొంగతనాలకు దిగారు. చివరికి సింహం దాచుకున్న జింక తొడే మాయమైంది. "ఎవడ్రా?" అని గర్జిస్తే, నేనంటే నేనని అడవంతా ముందుకొచ్చింది.

సింహం తల గోక్కుని, "పండితా, మనలో ఎక్కువ చదివిందెవరు?" అంది.

నక్క రొమ్ము విరుచుకుంది. "నేనే ప్రభూ! ఉత్తరాది అడవిలో పన్నెండేళ్ళు."

"పన్నెండేళ్ళ శిక్షా! అంత ఘోరం ఏం చేశావురా?"

"అయ్యో, అది ఈ శిక్ష కాదు ప్రభూ! హిందీ శిక్ష!"

"అలాగా! అయితే తెలుగుది కూడా రుచి చూడు" అని సింహం దాన్ని గోతిలో తోయించింది.

పండితుడి పీట ఖాళీ అయింది. మిగిలినవాళ్ళలో అందరికంటే ముందు బడిలో చేరింది ముంగిసే కదా, దాన్నే కూర్చోబెట్టారు.

ముంగిస బడికూడు తింటున్నన్నాళ్ళలోనే కోడి ఆ రెండు గుడ్లూ పొదిగేసుకుంది. కొత్త పండితుణ్ణి చూడగానే పిల్లలిద్దర్నీ వెంటేసుకుని పొరుగడవికి నడిచింది.

ఇక లేవండర్రా, ఇళ్ళల్లో అన్నం చల్లారిపోతోంది. పోతూ పోతూ నీతి కూడా పట్టుకెళ్ళండి: ఒక మాటకు రెండర్థాలుంటే మెత్తనిది దొంగకు, గట్టిది మనకు.