రెండూ సమానమే

ఆదివారం పొద్దున బుజ్జిగాడి పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా పాలు పోయాలి. వాడి కళ్లముందే ఒక గ్లాసులోవి సన్నని పొడుగు గ్లాసులోకి మార్చి, "ఏది ఎక్కువ?" అని అడగాలి. నాలుగేళ్ల పిల్లలు చాలామంది పొడుగుదే ఎక్కువంటారని ఆమె చదివే మనస్తత్వశాస్త్రంలో ఉంది. అది కళ్లారా చూసి, రేపు తరగతిలో నిలబడి చెప్పాలి. కాలేజీలో చేరినప్పటి నుంచి హాజరు పలకడానికి తప్ప ఆమె నోరు విప్పింది లేదు.

తల్లి అనుమతి లేనిదే పిల్లల్ని ఏమీ అడగకూడదని లెక్చరరమ్మ నియమం.

"అక్కా, సాయంత్రం బుజ్జిగాణ్ని ఒక ప్రశ్న అడగాలి. కాలేజీ పని."

"ఏం ప్రశ్నే?"

"ఇప్పుడే చెబితే పాడైపోతుంది."

అక్క సరేనంది గానీ, గుండెలో రాయి పడింది. వెళ్లి తల్లి చెవిన వేసింది. "వాడి బుర్రలో ఏదో లోపం కనిపెట్టిందమ్మా. చెప్పడానికి మొహమాటపడుతోంది."

"లోపమా? వాడిది బంగారం లాంటి బుర్ర!" అంది అమ్మమ్మ. అయినా గదిలో పిన్ని అద్దం ముందు ప్రశ్న సాధన చేస్తుంటే తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. వెంటనే మనవణ్ని వంటింట్లోకి లాక్కెళ్లి, గ్లాసుల్లో పాలు పోసి చూపించింది. "ఎవరేమడిగినా రెండూ సమానమే అనరా, నాన్నా." పాఠం అయ్యాక ఆ పాలు పారబోయలేక వాడిచేతే తాగించింది.

అమ్మమ్మ ద్వారా ప్రశ్న తెలుసుకున్న అక్క ఇంకోసారి నేర్పింది, తాగించింది. ఆడవాళ్ల మీద నమ్మకం లేని బుజ్జిగాడి నాన్న పెరట్లో మళ్లీ మొదలుపెట్టాడు.

సాయంత్రం పిన్ని గ్లాసులు తెచ్చిందో లేదో, "రెండూ సమానమే!" అన్నాడు బుజ్జిగాడు.

"నేనింకా అడగలేదురా! సరే, నువ్వు పెద్దా, నేను పెద్దా?"

"రెండూ సమానమే!"

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పాలు చూడగానే వాడు మాత్రం ఏడుస్తూ మంచం కిందికి దూరాడు. పిన్నికీ కళ్లనీళ్లు తిరిగాయి. రేపు తరగతిలో ఏం చెప్పాలి?

ఆమె నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి చూసింది.

"ఈ ఆట నీకిష్టమేనా అని నిన్నెవరైనా అడిగారా?"

"ఊహూఁ."

"ఇప్పుడడుగుతున్నా."

"వద్దు."

"అయితే వద్దులే."

గ్లాసులు తీసేశాక వాడు బయటికొచ్చి ఆమె ఒళ్లో కూర్చున్నాడు.

మర్నాడు తరగతిలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, అక్క దగ్గర దాచిన సంగతితో సహా. అందరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి మిగతాదీ చెప్పింది. "మంచం కిందికి వంగి అడిగావు చూడు, ఈరోజు పాఠం అదే," అంది లెక్చరరమ్మ. "మళ్లీ మొదటి నుంచి చెప్పమ్మా, వెనక బెంచీలకి వినబడాలి." చెప్పింది, ఈసారి ఇంకాస్త గట్టిగా.

ఇంటికి రాగానే గుమ్మంలోనే అక్క ఎదురొచ్చింది. "వాడికెన్ని మార్కులే?"

"మీ ముగ్గురికంటే ఎక్కువే."

"నే చెప్పలా, బంగారం లాంటి బుర్రని!" అంది అమ్మమ్మ.

బుజ్జిగాడు పాలు ముట్టకపోవడంతో ఆ వారమంతా ఇంట్లో పెరుగుకు కొదవలేదు.