ఆదోనికి పోయిన వాకిలి

ఇట్లా దగ్గరికి జరుగు నాయనా. ఆ ఫ్యాను చప్పుడులో చెప్పే మాట సగం ఎగిరిపోతుంది. ఎమ్మిగనూరులో ఒక ఇంటి వాకిలి ఆటో ఎక్కి ఆదోనికి పోయింది, తెలుసా? తలుపులు, ద్వారబంధం, ఇత్తడి బొడిపెలు, అన్నీ కలిసి పోయాయి. దాన్ని పంపాలని ఎవరూ అనుకోలేదు. అయినా పోయింది. ఎట్లా పోయిందో విను.

ఇందు అని నేతగాళ్ళ ఇంటి పిల్ల. తండ్రి మగ్గం మీద బుట్టాలు నేస్తుంటే, పక్కన కూచుని గళ్ళ కాగితం మీద నెమళ్ళు గీసి ఇచ్చేది. పెద్దయ్యాక ఆ చెయ్యే నగల బొమ్మల వైపు తిరిగింది. బొమ్మలు గీయడం వచ్చుగానీ గీయించుకునేవాళ్ళు దొరకాలి కదా. దొరకలేదు. బెంగుళూరులో ఒక పెద్ద అంగట్లో చీరలు మడతపెట్టే ఉద్యోగం మాత్రం దొరికింది. సోమవారం చేరాలి. చీరలు నేసే ఇంట్లో పుట్టి వాటిని మడతపెట్టడానికి అంత దూరం పోవడమా అని ఆ పిల్ల దిగులు.

సరిగ్గా ఆ వారమే ఆదోనిలో నగల అంగడి పెట్టుకున్న గురుప్రసాద్ ఫోన్ చేశాడు. ఇందు బొమ్మలు ఆయన ఇంతకుముందు చూసినవాడే. ఆయన దగ్గరికి వెంకటేశ్వరమ్మ అనే ఆ ఊరి పెద్దావిడ హారం చేయించుకోవడానికి వచ్చిందట. ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరు. ఆయన ఫోన్లో చూపించిన నమూనాలన్నీ పక్కకు తోసేసి, "ఇవన్నీ ఎవరెవరి మెడలోనో ఉండేవేనప్పా. నా మెడలో నా పుట్టింటి వాకిలి ఉండల్ల," అని కూచుందట.

"శుక్రవారం నాలుగు గంటలకు ఆమె ఇంటికాడికే వస్తా," అన్నాడు గురుప్రసాద్. "నీ బొమ్మ ఆమెకు నచ్చితే నా అంగట్లో నీకొక కుర్చీ ఏస్తా. నచ్చకుంటే ఫోన్లో ఉండేదాంతోనే ఎట్లో ఒప్పిస్తా. ఇంగ నీ బెంగుళూరు నీది."

పని చిన్నదే. కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. ఆ పుట్టింట్లో ఇప్పుడు ఉంటున్నది ఆమె తమ్ముడు చెన్నప్ప. అక్కాతమ్ముళ్ళకు అయిదేళ్ళుగా మాటల్లేవు. ఆమె కూతురి పెళ్ళికి చెన్నప్ప తన చేత్తో చీర నేశాడు. ఉల్లిపొర రంగు అడిగితే వంకాయ రంగు నేశాడని ఆమె అంటుంది. అది ఉల్లిపొరేనని అతను ఇప్పటికీ అంటాడు. అందుకే వెంకటేశ్వరమ్మ ఇందుతో ఫోన్లో గట్టిగా చెప్పింది: "మా తమ్మునికి తెలీగూడదు. తెలిస్తే, వాకిలి కావల్ల గానీ నేను వద్దా అంటాడు. నాలుగిండ్లు గీస్తాండట్ల గీసి, దాంట్లో మాది గూడ గీసుకోని రా."

శుక్రవారం పొద్దున్నే, వీధిలో మగవాళ్ళు ఉగ్గాని బజ్జీల హోటలు దగ్గర ఉన్నప్పుడు, ఇందు బయలుదేరింది. చేతిలో గళ్ళ కాగితం, స్కేలు, చిన్న గిన్నెలో గోడలకు పూసే ఎర్రమట్టి జాజు. నేతవాళ్ళ పద్ధతి ఆమెది. బొమ్మను ముందు గళ్ళుగా విడగొట్టాలి. అందుకని చెక్కడం పక్కన వేలెడు దూరానికొక జాజు చుక్క పెట్టి, మొత్తం ఎన్ని గళ్ళు వచ్చాయో గోడ మీద అంకె వేసుకుని, ఆ లెక్కన కాగితం మీదికి ఎక్కించేది. ఒక ఇంటికి ఎనిమిది వేసింది, ఇంకో ఇంటికి పదకొండు. అట్లా నాలుగిళ్ళు చూసుకుని, అయిదోదిగా చెన్నప్ప వాకిలి దగ్గరికి వచ్చింది.

ఆ వాకిలి చూడాలి నాయనా. పైన తామర, తామరకు అటొక చిలుక, ఇటొక చిలుక, తలుపుల నిండా ఇత్తడి బొడిపెలు. ఇందు ముందు కొలత తీద్దామని గడప మీద స్కేలు పెట్టింది. స్కేలు సరిగా ఆనలేదు. రెండు కొసలూ ఆనినా నడుమ కింద సందు మిగులుతుంది. "నువ్వొకటి! నిన్నెవరు గీస్తారులే," అని గడపను తిట్టి, అరుగెక్కి పైనున్న చిలుకల పని పట్టింది. గోడ మీద పద్నాలుగు అని వేసి, ఒక చిలుక గీసేసరికి వీధి మొగన చెన్నప్ప దగ్గు వినిపించింది. సరంజామా చంకలో పెట్టుకుని పిల్ల ఇంటికి పరుగు. మిగిలింది మధ్యాహ్నం గీసుకోవచ్చని ఆమె లెక్క.

ఎదురింటి తిమ్మక్క చీపురు పట్టుకుని బయటికొచ్చింది. చెన్నప్ప గోడ మీద ఎర్రగా పద్నాలుగు కనిపించింది. ఆర్నెల్ల కిందట పక్క బజారులో గోడల మీద ఇట్లాగే ఎర్ర అంకెలు వేశారు. మూడోనాడు జేసీబీ వచ్చింది. రోడ్డు వెడల్పు చేశారు. తిమ్మక్క చేతిలో చీపురు అక్కడే పడిపోయింది.

"చెన్నప్పన్నా! నీ ఇల్లు పద్నాలుగు అడుగులు పోతాదన్నా!"

"ఏంది పోయేది?"

"నీ అరుగు, నీ వాకిలి, నీ నడవ! గోడ మీద రాసిపెట్టినారు సూడు!"

చెన్నప్ప చూశాడు. వాకిలి పక్కన వరసగా ఎర్ర చుక్కలు. ఇంత శ్రద్ధగా చుక్కలు పెట్టి మరీ కూలగొడతారా అని అరుగు మీద కూలబడ్డాడు.

గంటలో వీధంతా పోగయింది. అంకె పడిన అయిదిళ్ళవాళ్ళు తలలు పట్టుకున్నారు. పడని ఏడిళ్ళవాళ్ళు మొదట వాళ్ళను ఓదార్చారు. ఇంతలో ఎవరో, "ఇండ్లు పోయినోళ్ళకు గోనెగండ్ల రోడ్డులో స్థలాలిస్తారంట," అన్నారు. ఓదార్పు ఆగిపోయింది. మాదన్న తన గోడను ఒకసారి చూసుకున్నాడు. ఏమీ లేదు, తెల్లగా ఉంది.

"మా ఇల్లేం పాపం చేసిందప్పా?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

వంట వేళకు వీధి ఖాళీ అయింది. మాదన్న ఇంట్లోకి పోయి, గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఆయిల్ పెయింటు డబ్బా తెచ్చి, తన గోడ మీద ఇరవై రెండు అని రాసుకున్నాడు. అంకె పెద్దదైతే స్థలమూ పెద్దదేనని ఆయన ఊహ. అది చూసి పక్కింటివాళ్ళు పద్దెనిమిది వేసుకున్నారు. ఆ పక్కవాళ్ళు మొహమాటస్తులు, తొమ్మిదితో సరిపెట్టుకున్నారు. పన్నెండు గంటలకు ఆ వీధిలో అంకె లేని గోడ లేదు.

ఇక్కడే చెన్నప్పకు చిక్కు వచ్చిపడింది. "ఇల్లు పోతే పోనీ. మా నాయన చెక్కించిన వాకిలి జేసీబీ నోట్లో పెట్టేది ల్యా. ఊడబీకి ఎవరింట్లోనన్నా పెడతా," అని పలుగు తీశాడు. కానీ ఎవరింట్లో పెడతాడు? పొద్దున ఏడిళ్ళు మిగిలి ఉండేవి. ఇప్పుడు వీధిలో ఒక్క ఇల్లూ మిగల్లేదు. ఆలోచించి ఆలోచించి, అయిదేళ్ళుగా నోట రాని పేరు పలికాడు.

"ఆదోనిలో మా అక్క ఇల్లుంది."

ఆటో ట్రాలీ నడిపే కళ్యాణ్ వచ్చాడు. నలుగురు పట్టి తలుపులు తీశారు, బంధం తీశారు. గడప మీద పలుగు పెట్టబోతుంటే తిమ్మక్క అడ్డం వచ్చింది.

"శుక్రవారం పూట గడప కదిలిస్తావా? పొద్దున పసుపు పూసింది ఇంగా తడి ఆరల్యా. లచ్చుమమ్మను మెడబట్టి గెంటుతాండావు!"

చెన్నప్ప నాలుక కరుచుకున్నాడు. గడప ఉన్నచోటే ఉండిపోయింది.

మిగిలిన సగం గీసుకుందామని వెనక వీధి నుంచి ఇందు వచ్చేసరికి వాకిలి ఆటోలో వెల్లకిలా పడుకుని ఉంది. సంగతి విని పిల్ల ఆటోకు అడ్డం నిలబడింది.

"తాతా, ఆపు! ఆ అంకెలు నేనే ఏసినా. బొమ్మలు గీసుకునేకి!"

అందరూ ఆమె వైపు తిరిగారు. మాదన్న ఒక అడుగు ముందుకేశాడు.

"అన్నీ నువ్వే ఏసినావా?"

"అయిదిండ్లకే ఏసినా."

"మరి పన్నెండిండ్లకు ఉండాయి కదా! మా ఇరవై రెండు నువ్వు ఏసినావా?"

"లేదన్నా."

"మరి ఎవరు ఏసినట్టు?"

మాదన్నకు తెలుసు ఎవరు వేశారో. మిగతా ఆరిళ్ళవాళ్ళకూ తెలుసు. అందరూ ఆకాశం వైపు చూశారు. "చిన్నపిల్ల, చెన్నప్పన్న బాధ సూడల్యాక ఏదో చెప్తాండాది," అని తీర్మానించారు. ఇందు చెప్పిన నిజం ఎవరికీ పనికిరాకుండా పోయింది.

గడియారం రెండున్నర. బొమ్మ సగమే ఉంది, మిగతా సగం ఆటోలో ఉంది. ఇందు ఇంకేమీ ఆలోచించకుండా ట్రాలీ ఎక్కి వాకిలి పక్కన కూచుంది. చెన్నప్ప ముందు కూచున్నాడు. తలుపులేని ఇంటికి కాపలా కాస్తానని తిమ్మక్క అరుగు మీద బాసింపట్టు వేసింది. దారిలో కోటేకల్లు ఊరు దాటేదాకా ఇందు గీస్తూనే ఉంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా చిలుక ముక్కు ఒకవైపు, తోక ఒకవైపు పోయేవి. ఆదోని చేరేసరికి కాగితం మీద చిలుకలు సంతకు తెచ్చిన కోళ్ళలా ఉన్నాయి.

వెంకటేశ్వరమ్మ ఇంటి వసారాలో గురుప్రసాద్ అప్పటికే కాఫీ తాగుతున్నాడు. ఆటో ఆగింది. ఆమె బయటికొచ్చి ముందు తమ్ముణ్ణి చూసింది.

"ఏమప్పా, వంకాయ రంగు నేసినోడు దారి తప్పినాడా?"

"అది ఉల్లిపొరే అక్కా," అన్నాడు చెన్నప్ప, తల వంచుకునే.

అప్పుడు వెనక ట్రాలీలో వాకిలి కనిపించింది.  దాన్ని దించి వసారా ముందు నిలబెట్టేదాకా ఆమె చూసి, దగ్గరికి వచ్చి, ఒక్కొక్క బొడిపెనూ వేలితో తడిమింది. చెన్నప్ప జరిగిందంతా చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత గురుప్రసాద్ వైపు తిరిగింది.

"వాకిలే వచ్చేసింది కదప్పా. ఇంగ దాని బొమ్మ మెడలో దేనికి?"

గురుప్రసాద్ నిట్టూర్చి ఫోను బయటికి తీశాడు. ఇందు కోళ్ళ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. బెంగుళూరులో చేయబోయే పని చేతికి అప్పుడే అలవాటవుతున్నట్టుంది.

వెంకటేశ్వరమ్మ తమ్ముడికి కాఫీ తెస్తానని లోపలికి బయలుదేరింది. నిలబెట్టిన ద్వారబంధం గుండానే నడిచింది. దాటుతూ, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, కుడికాలు ఎత్తి అవతల వేసింది. అక్కడ గడప లేదు. కాలు దబ్బున కిందికి పోయి ఆమె తూలింది. చెన్నప్ప పట్టుకున్నాడు.

"గడప యాడ్రా?"

"శుక్రవారం కదక్కా. తీయల్యా."

"అట్లయితే నా ఇల్లు ఇంగా ఆడనే ఉందిలే," అందామె. "చిన్నప్పుడు నేను దాని మీద నిలబడితే అమ్మ తిట్టేది. నడిమిన అరిగిపోయి గుంట పడింటాది, సూసినావా?"

పొద్దున గడప మీద ఆనని స్కేలు ఇందు మనసులో మెదిలింది. మడతపెట్టిన కాగితం విప్పి, వెనక వైపు తిప్పి, ఒకే ఒక గీత గీసింది. నిలువుగా కాదు, అడ్డంగా. రెండు కొసలూ పైకి ఉండి, నడుమ కొంచెం దిగిన గీత. దాని కింద ఇంకొకటి. రెంటి మధ్య అయిదు చుక్కలు. మెడ కింద అట్లాగే ఒదిగిపోయే వంపు.

"అవ్వా, ఇది నీ గడప. పసుపు బదులు బంగారం. కుంకుమ బొట్లకు అయిదు కెంపులు. నడిమిన వంపు నువ్వూ, మీ అమ్మా, మీ నాయనా నడిచింది."

వెంకటేశ్వరమ్మ ఆ కాగితం తీసుకుని మెడకు ఆనించుకుంది. చాలాసేపు తీయలేదు. అది చూసి గురుప్రసాద్ ఫోను జేబులో పెట్టుకుని, "సోమవారం పది గంటలకు అంగడి తెరుస్తాము," అని ఇందుతో అన్నాడు.

కుర్చీ ఖాయమయ్యాక పిల్లకు ధైర్యం వచ్చింది. అంకెల సంగతి మళ్ళీ చెప్పింది. ఈసారి మాదన్న అక్కడ లేడు కాబట్టి నమ్మారు.

"మరి మా గోడ మీద పద్నాలుగు ఏందే?" అన్నాడు చెన్నప్ప.

"చిలుక తోక దాకా లెక్క తాతా. పద్నాలుగు గళ్ళు."

చెన్నప్ప ఆటోలో వేసుకొచ్చిన తన పలుగును చూసుకున్నాడు, వాకిలిని చూసుకున్నాడు. "చిలుక తోకకా నేను నా ఇల్లు ఊడబీకుకోని వచ్చింది!" అన్నాడు. అక్క నవ్వింది. అయిదేళ్ళ తర్వాత నవ్వింది కాబట్టి ఆయనా నవ్వక తప్పలేదు.

"తిప్పు ఆటో," అందామె. "పుట్టింటికి వాకిలి లేకుంటే నేను యాడికి రావల్ల?" చీర మార్చుకుని వచ్చి ముందు సీట్లో కూచుంది. ఏ చీర కట్టిందో చెప్పనా? కూతురి పెళ్ళినాటి ఆ చీరే. చెన్నప్ప దాని కొంగు ఎండలోకి తిప్పి చూసి, నోరు మూసుకున్నాడు. ఎండలో అది వంకాయ రంగే.

పొద్దు వాలేలోగా వాకిలి తన చోటికి చేరింది. ఆమె కాలెత్తి గడప దాటింది. ఈసారి గడప అక్కడే ఉంది.

ఈ కథ గుర్తుపెట్టుకో నాయనా, రేపు నీ దగ్గరికి ఎవరైనా వచ్చి కూచుంటే చెప్పు. చిలుకలు మరిచినా పర్వాలేదు, గడపను మాత్రం మరిచిపోవద్దు. ఇదంతా కట్టుకథ అంటే, ఆ వీధికి పోయి చూసుకోమను. జాజు అంకెలు మరుసటి వానకే కడుక్కుపోయాయి. మాదన్న ఆయిల్ పెయింటు మాత్రం గీకితే సున్నం ఊడింది కానీ అంకె ఊడలేదు. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ ఇప్పుడు ఇరవై రెండో నంబరుకు ఉత్తరాలు సరిగ్గానే ఇస్తున్నాడు, ఒకటో నంబరు ఇల్లు ఎక్కడుందో మాత్రం ఇంకా వెతుకుతున్నాడు.