ఉత్తకాళ్లకు అనుమతి పత్రం

మనిషికి పాదాలు పుట్టుకతోనే వస్తాయి. వాటితో పరుగెత్తే అర్హత మాత్రం దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది.

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలకు కాపలా ఉండే హెబ్రోనుకు ఈ సంగతి ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలియదు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటరు ఆగితే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. అందుకని కరెంటు పోయిందంటే జనరేటరు దాకా గట్టు మీద పరుగు తీయడమే అతని పని. బురద చెప్పును మింగేస్తుంది గనక ఉత్తకాళ్లతోనే. ఓడరేవు పక్కన ఒక కంపెనీ గార్డు ఉద్యోగానికి పదహారు వందల మీటర్లు ఏడు నిమిషాల్లో పరుగెత్తాలని తెలిసేసరికి, ఇక ఉద్యోగం వచ్చినట్టేననుకున్నాడు. భార్య సుప్రియకు ఏడో నెల. ఆ ఉద్యోగంతో ఆసుపత్రి కార్డు కూడా వస్తుంది.

కంపెనీ పాదరక్షల పరిశీలనాధికారి పద్మనాభయ్య గారు (అలాంటి పోస్టు ఒకటుందని ఆయనకూ చేరిన రోజే తెలిసింది) అతని కాళ్ల వంక చూశారు.

"బూట్లేవి?"

"లేవు సార్. ఉత్తకాళ్లతో అయితే ఆరు నిమిషాలకే కొట్టేస్తా."

"కాళ్లకు దెబ్బలు తగలకుండా బూట్లు తప్పనిసరి. పద్నాలుగో నిబంధన. దెబ్బలు తగిలినోళ్లకు మాత్రం మినహాయింపు ఉండాది. డాక్టరు సర్టిఫికెట్ తీసుకురాపో."

డాక్టరు పాదాలను తిప్పి తిప్పి చూసి, ఇంత ఆరోగ్యంగా ఉన్నవాటికి తానేమీ చేయలేనని విచారం వెలిబుచ్చారు.

హెబ్రోను బూట్లు కొన్నాడు. గట్ల మీద పరుగెత్తి పరుగెత్తి విసనకర్రలా విచ్చుకున్న కాలివేళ్లు ఏ సైజులోనూ ఇమడలేదు. ఇమిడినంత మేరకు తొడుక్కుని సాధన చేశాడు. మూడో రోజుకు మడమల తోలు ఊడింది.

"ఏందయ్యా ఆ నడక? గట్టు మీద ఎండ్రకాయలు నీకంటే తిన్నగా పోతా ఉండాయి," అంది సుప్రియ.

"నవ్వబాక మే. నిబంధన ప్రకారం నడస్తా ఉండా."

ఈసారి డాక్టరు సంతోషించారు. 'రెండు పాదాలకూ గాయాలు. బూట్లు తొడగరాదు. నడవలేడు' అని రాసిచ్చారు. పద్మనాభయ్య గారు ఉత్తకాళ్లకు అనుమతి మంజూరు చేసి, అభినందించారు కూడా.

హెబ్రోను పళ్లు బిగించి పరుగెత్తాడు. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు. అందరికంటే ముందు. వెనకంతా ఎర్రటి అడుగులు.

కమిటీ కూర్చుంది. నడవలేడని డాక్టరు ధ్రువీకరించిన మనిషి మొదట రావడం అసంభవం, కాబట్టి పరుగెత్తినవాడు హెబ్రోను కాడని తేల్చింది.

"నేనే సార్! కాళ్లు చూడండి!"

"కాళ్ల మీద పేరు రాసుండదు గదా నాయనా," అన్నారు పద్మనాభయ్య గారు.

ఉద్యోగం రెండోవాడికి ఇచ్చారు. అయితే అసలు హెబ్రోను నడవలేని స్థితిలో ఉన్నాడు గనక, ఎవరైనా అతన్ని మోసుకొస్తే ఇంకో అవకాశం ఇస్తామని కమిటీ మానవతా దృక్పథంతో తీర్మానించింది.