హైందవి చెవి, రాజమ్మ మొక్కు

ఆ మంగళవారం హైందవి అనుకున్నది చాలా చిన్న పని. పదిన్నరకు అమీర్‌పేటలో ఆటో ఎక్కి, పదకొండుకు సోమాజిగూడ ఆసుపత్రిలో రేడియేషన్ పెట్టించుకుని, భోజనాల వేళకు గదికి వచ్చి పడుకోవాలి. ముందురోజు మధ్యాహ్నం పన్నెండుకు ఆమె ఎడమ చెవి తమ్మె మీది కీలాయిడ్‌ను కోసి తీశారు. పద్నాలుగో ఏట సరదాపడి రెండో కుట్టు కుట్టించుకుంటే, కుట్టిన చోట మచ్చ ఆగకుండా పెరిగి ఉసిరికాయంత గడ్డయింది. ఒకసారి తీయిస్తే రెట్టింపై తిరిగొచ్చింది. పదేళ్లుగా దాని మీద జుట్టు కప్పుకునే తిరుగుతోంది పాపం. అందుకే డాక్టర్ అరుణాదేవి గట్టిగా చెప్పారు. "ఇరవై నాలుగు గంటల్లోపు మొదటి రేడియేషన్ పడాలమ్మా. ఆలస్యమైతే మళ్లీ పెరగొచ్చు."

వచ్చే నెల ఒకటిన హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం. జీవితంలో ఒక్కసారైనా జుట్టంతా వెనక్కి దువ్వి, బిగించి జడ వేసుకుని నలుగురిలోకి వెళ్లాలని ఆమె కోరిక.

గది అద్దెకిచ్చిన రాజమ్మకు మాత్రం "చిన్న ఆపరేషన్" అని ముక్తసరిగా చెప్పి పప్పులో కాలేసింది. ఇడ్లీలు తెచ్చిన రాజమ్మ మంచం మీది ఫైలును పైవాటా మహేశ్ చేత చదివించింది. పైన క్యాన్సర్ విభాగమని, కింద రేడియేషన్ అని ఉంది. ఆ యంత్రం ఉండేది ఆ విభాగంలోనే. ఆ సంగతి ఫైలు మీద ఎవరూ రాయరు.

"నాకెందుకు చెప్పలేదు బిడ్డా," అంటూ రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"క్యాన్సర్ కాదండీ ఆంటీ. చెవి మీద మచ్చ, అంతే."

"మచ్చకు గంత పెద్ద మిషిన్ పెడ్తరా? నాకు ధైర్యం చెప్తున్నవ్, నాకెరుక లేదా."

కట్టు విప్పి చూపిద్దామంటే కుదరదు. అరగంటలో వాటాలవాళ్లంతా గదిలో ఉన్నారు. మహేశ్ ఫోన్ చేశాడేమో, హైందవి దగ్గర సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్న బ్యాచ్ మొత్తం క్లాసు మానుకుని కమలాపళ్లతో దిగింది. ఒకతను గుర్తుగా ఉంటుందని నోట్సు మీద సంతకం అడిగాడు. పదకొండయింది.

"నన్ను వెళ్లనివ్వండి. ఆలస్యమైతే మళ్లీ వస్తుంది," అంది హైందవి ఏడుపు గొంతుతో. ఎవరికైనా కాస్త అనుమానం మిగిలుంటే అదీ తీరిపోయింది.

రాజమ్మ భర్త సాయిలు తన ఆటో తీశాడు. రాజమ్మా ఎక్కింది. "కొంచెం త్వరగా పోనివ్వండి అంకుల్," అంటే, "కుదుపు తగలొద్దు బిడ్డా," అని నడిచేవాళ్లకు కూడా దారిస్తూ నడిపాడు. వెనక బ్యాచ్ పిల్లలు బైకుల మీద, అంతే నెమ్మదిగా, తలలు దించుకుని వచ్చారు. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆ వరుసను చూసి టోపీ తీసి, మిగతా బండ్లన్నీ ఆపేశాడు. ఆ పుణ్యాన పన్నెండుకు పది నిమిషాలుండగా చేరారు.

లోపల బెంచీ మీద నిజంగా ఆ జబ్బుతో వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. తలకు రుమాలు కట్టుకున్న ఒకావిడ జరిగి చోటిచ్చి, "మొదటిసారా అమ్మా? భయం లేదు," అంది. హైందవికి ఎక్కడలేని సిగ్గు వేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

పన్నెండు లోపే రేడియేషన్ అయ్యాక డాక్టరమ్మే బయటికొచ్చి రాజమ్మకు చెప్పారు. "ఇది క్యాన్సర్ కాదు. మచ్చ మళ్లీ పెరగకుండా మూడు రోజులు పెడతాం, అంతే."

రాజమ్మ అక్కడే కూలబడి కడుపారా ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. "క్యాన్సర్ కాకుంటే తలనీలాలిస్తనని పొద్దుగాల్నే గుట్ట నర్సింహసామికి మొక్కిన."

"ఎవరివి ఆంటీ?"

"నీయే బిడ్డా. జబ్బు నీది గద."

"అసలు జబ్బే లేదు కదండీ."

"గదే చెప్తున్న. సామి విన్నడు."

హైందవి డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ ఫైలు వైపు చూశారు. మూడు కత్తెరలతో సరిపెడదామని బతిమాలినా రాజమ్మ వినలేదు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లైనా ముట్టని ఆ మనిషిని చూశాక హైందవి సరేనంది.

ఒకటో తారీఖున ఆమె గుండుతో ఉద్యోగంలో చేరింది. చెవి చక్కగా మానింది, గీత కూడా కనబడదు. ఆ రోజు ఆఫీసులో మూడు వందల మంది ఆమెను తేరిపార చూశారు గానీ, ఒక్కరి చూపూ చెవి దాకా దిగలేదు.