దగ్గులమ్మకు రబ్బరు పీక

ఆదివారం పొద్దుటికి ఆ బండి బాగుపడకూడదు. బాగుపడిందా, తన కొంప మునిగినట్టే. పాలగిన్నె ముందు నిలబడి ఇల్లాలు అంతవరకూ గట్టిగా నిశ్చయించుకుంది. ఎలా చెడగొట్టాలన్నది తట్టేలోపు పాలు పొంగిపోయాయి.

ఆమె మొగుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కాలరుకి ఎప్పుడూ రెండు మూడు సూదులు గుచ్చుకుని తిరుగుతాడు గనక వీధిలో అందరికీ ఆయన సూదబ్బాయి. దుకాణంలో కిటికీ పక్క బల్ల ఆయనది. పొద్దున వెళ్ళి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతాడు.

ఆ దుకాణం యజమాని తొడిగే తెల్లచొక్కా గంజి తాగి తాగి అట్టలా బిగుసుకుపోయి ఉంటుంది. ఆయన కూర్చున్నా చొక్కా కూర్చోదు. చాటున అందరూ ఆయన్ని గంజిగారు అంటారు. ఆ గంజిగారు ఒకనాడు, “సొంత బండి ఉన్నవాడికి లైను పని ఇస్తా,” అని ప్రకటించాడు. లైను పని అంటే సోమవారం బయల్దేరి, ఊళ్ళు పట్టుకు తిరిగి మిషన్లు బాగుచేసి, శనివారానికి ఇంటికి రావడం.

సూదబ్బాయికి బండి ఉంది. ఉందంటే, వరండాలో ఉంది. పెళ్ళికి ముందెప్పుడో పాత సామాన్ల కొట్లో కొన్న మోటారుసైకిలు. ఇల్లాలికంటే ముందు ఇంట్లో అడుగుపెట్టింది, దాని పొగరంతా అదే. కిక్కు కొడితే స్టార్టవదు, దగ్గుతుంది. అందుకే ఇల్లాలు దానికి దగ్గులమ్మ అని పేరు పెట్టింది.

ఇల్లేమో గోడౌన్ల వెనక సందులో చిట్టచివరిది. పగలంతా ఆమెకి మాట్లాడే దిక్కు ఇంకా ఏడాది నిండని బుడ్డోడు. వాడికి వచ్చిన మాట ఒక్కటే, “బ్బ.” ఆకలేసినా బ్బ, అలిగినా బ్బ. వాడి తరఫున కూడా తనే మాట్లాడి, తనకి తనే ఎదురు చెప్పుకుని, ఒక్కోసారి ఆ వాదనలో తనే ఓడిపోయి మూతి ముడుచుకునేది.

సాయంత్రం ఆయనకి చెప్పాలని పగలంతా మాటలు కూడబెట్టేది. ఆయన వచ్చి, టీ తాగి, దగ్గులమ్మ ముందు గొంతుక్కూర్చునేవాడు. ఇక ఆమెకి మిగిలేది ఆయన వీపు. నిజం చెప్పాలంటే ఆమె కాపురమంతా ఆ వీపుతోనే.

“ఏవండీ, బుడ్డోడికి పన్నొచ్చింది.”

“ఊఁ. ఆ పది నంబరు పానా ఇటివ్వు.”

“కింది దవడకి. బియ్యపు గింజంత.”

“ఊఁ. పది అడిగితే పన్నెండు ఇచ్చావేంటే?”

ఆ వీపు కూడా లైను పని మీద వెళ్ళిపోతే తన గతేంటి?

వెళ్ళొద్దని ఒక్క మాట అంటే పోయేదిగా అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది. మొన్నామధ్య ఏదో కోపంలో, “ఎదుగూ బొదుగూ లేకుండా ఎన్నాళ్ళండీ ఆ బల్లకి అతుక్కుని?” అని నోరు జారింది ఆమే. ఆ మాట ఆయన మనసులో మేకులా దిగింది. దిగగొట్టిన చేత్తో మళ్ళీ పీకడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

ఇన్నాళ్ళూ భయం లేకపోవడానికి కారణం ఆయన వైద్యమే. దగ్గులమ్మ రోగం కార్బురేటర్‌లో ఉంది. అందులో జెట్టని వేలిగోరంత ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ వెంట్రుక పట్టేంత బెజ్జం. పెట్రోలు ఆ బెజ్జంలోంచే కొలతగా ఇంజన్లోకి పోవాలి. అది మూసుకుపోయిందని సూదబ్బాయి కాలరు సూది తీసి పొడిచాడు. కుట్టుమిషన్ల వాడికి లోకంలో ఏ బెజ్జం కనబడినా సూది దూర్చాలనే ఉంటుంది. ఆదివారం ఆదివారం పొడవగా పొడవగా బెజ్జం కాస్తా బావి అయింది. పెట్రోలు బొళబొళా పోయి, దగ్గులమ్మ నల్లగా పొగ కక్కడం మొదలెట్టింది. ఎదురింటి దుర్భిణి అత్తయ్య ఆరేసుకున్న రంగురంగుల దుప్పట్లన్నీ ఒకే రంగులోకి వచ్చేశాయి.

ఆదివారం బండి చూడ్డానికి వస్తానని గంజిగారు కబురు పెట్టాడు. శుక్రవారం నాడు ఈ సూది సంగతి వీధి చివరి బండ్ల మెకానిక్ చెవిన పడింది.

“జెట్టుకి సూది పెట్టావా అల్లుడూ! రేపు పిల్లాడి చెవిలో గుబిలి తియ్యడానికి గునపం పడతావా ఏంటి?” అని తిట్టి, కొత్త జెట్టు చేతిలో పెట్టి పంపాడు.

ఆ కొత్త జెట్టుని ఆయన కిటికీలో పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లేదు. ఇల్లాలు ఏమీ ఎరగనట్టు గిన్నెలు సర్దుతోంది. దాన్ని చక్కెర డబ్బాలో పూడ్చిపెట్టి, ఆ సంబరంలో అదే డబ్బాలోంచి చెంచాడు తీసి ఆయనకి టీ కలిపింది.

సూదబ్బాయి రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకి పంటి కింద టంగుమంది. నోట్లోంచి తీసి వెలుగులో పెట్టి చూశాడు.

“ఇదేంటే, టీలో ఇత్తడి?”

“ఇత్తడి ఒంటికి మంచిదట,” అంది ఆమె, గిన్నెల వైపే చూస్తూ.

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు.”

ఆమె అందరూ అంటే ఎవరో ఆయనకి తెలుసు. బుడ్డోడు. అయినా జెట్టు తుడిచి జేబులో వేసుకున్నాడు.

శనివారం సాయంత్రం జెట్టు బిగించి కిక్కు కొడితే దగ్గులమ్మ దగ్గలేదు. డుగు డుగు డుగుమని పడుచుపిల్లలా పలికింది. ఇల్లాలి గుండె మాత్రం దగ్గింది.

“విన్నావా? రేపు పొద్దున గంజిగారొచ్చి బండి చూస్తారు. నచ్చితే ఎల్లుండే ప్రయాణం.”

“మంచిదే,” అంది. ఏదో ఒకటి అడగాలని ఇంజను పక్కన వేలాడుతున్న రబ్బరు గొట్టం చూపించింది. “ఇదేంటి, తుప్ తుప్‌మంటోంది?”

“అది బ్రీదరు. ఇంజను ఊపిరి వదిలే దారి. లోపల పిస్టను ఆడినప్పుడల్లా కింద గాలి ఒత్తుకుంటుంది. అది ఈ గొట్టంలోంచి బయటికి పోవాలి.”

“పోకపోతే?”

“పోకపోతే ఊరుకుంటుందా? ఏ సందు దొరికితే ఆ సందులోంచి ఆయిలు కక్కి చస్తుంది.”

ఇల్లాలు ఆ గొట్టాన్ని కాసేపు అలాగే చూసింది. ఇనుప సామానుకి కూడా ఊపిరి వదలడానికి ఒక దారి పెట్టారు. పెట్టినవాడెవడో ఇంట్లో ఆడవాళ్ళ గురించి కూడా ఆలోచిస్తే బాగుండేది.

ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె వరండాలోకి పరిగెత్తింది. గొట్టంలో గుడ్డపేలిక కుక్కితే జారిపోయింది. కాగితం కుక్కితే తడిసిపోయింది. చంకలో బుడ్డోడు రబ్బరు పీక చప్పరిస్తూ వేడుక చూస్తున్నాడు. ఆమె చూపు పీక మీద పడింది. పీక్కుని గొట్టంలో నొక్కింది. కొలత తీసి చేయించినట్టు పట్టింది!

బుడ్డోడు క్షణం నమ్మలేకపోయాడు. ఆ తర్వాత లంకించుకున్నాడు.

“ఏమ్మాయ్, పిల్లాణ్ణి ఎందుకేడిపిస్తున్నావ్?” దుర్భిణి అత్తయ్య కిటికీలో ప్రత్యక్షమైంది. “వాడి పీకేదీ?”

“ఎక్కడో పడిపోయిందత్తయ్యా!”

“ఇందాక నోట్లో చూశానే!”

అత్తయ్య చూడనిది ఏముంది గనక. సూదబ్బాయి తల తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి వెతకడం మొదలెట్టారు. పరుపెత్తారు, బట్టల బుట్ట బోర్లించారు. ఆయన మంచం కింద దూరితే, ఊరికే నిలబడితే అనుమానం వస్తుందని ఆమె కూడా దూరింది. చీకట్లో ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

“అబ్బా!”

“నీ తల ఇంత గట్టిదని పెళ్ళిచూపుల్లో చెప్పలేదేం?”

“అడిగారా? మీ నోట అయిదు మాటలు రాలేదు ఆ పూట!”

దుమ్ములో పడుకుని ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఇల్లాలికి ఎందుకో ఏడుపొచ్చింది. దుమ్ము మీదికి తోసేసింది.

పీక దొరకలేదు. “బండి ఓసారి తుడుస్తా,” అని ఆయన వరండాలోకి వెళ్ళి కాసేపు గొంతుక్కూర్చున్నాడు. అంతలో గంజిగారు పటపటలాడే చొక్కాతో దిగాడు.

సూదబ్బాయి కిక్కు కొట్టాడు. డుగు డుగు డుగు. గంజిగారు తలాడించాడు. ఇల్లాలు ఏడ్చే బుడ్డోణ్ణి ఎత్తుకుని గుమ్మంలో ఊపిరి బిగబట్టింది. ఇంజను కూడా బిగబట్టింది.

“రేజ్ చెయ్యవయ్యా!”

రేజ్ చేశాడు. ముందు కిక్కు రాడ్డు పక్కనుంచి ఒక నల్లబొట్టు. తర్వాత గేరు రాడ్డు దగ్గర ఇంకోటి. ఇంజను అతుకులన్నీ చెమర్చాయి.

“ఏదో కారుతోందే,” అంటూ గంజిగారు వంగి, గొట్టం దగ్గర మొహం పెట్టాడు.

ఫట్!

పీక తుపాకి గుండులా లేచి ఆయన రొమ్ముకి తగిలింది. దాని వెంట ఆయిలు. చిటికెలో తెల్లచొక్కా చిరుతపులి తోలైంది. గంజి దిగి, పుట్టాక మొదటిసారి ఆ చొక్కా ఒంటికి అంటుకుంది.

నేల మీద దొర్లుతున్న పీకని చూసి బుడ్డోడు ఏడుపు ఠక్కున ఆపి, “బ్బ!” అని రెండు చేతులూ చాచాడు. సాక్షి పలికేశాడు.

“ఇంజన్లో పిల్లల పీకేంటయ్యా?” అని అరిచాడు గంజిగారు.

“పాత బండి కదండీ,” అన్నాడు సూదబ్బాయి వినయంగా. “ఈ మధ్య దానికి మళ్ళీ పసితనం వచ్చింది.”

“దీని మీద నిన్ను లైనుకి పంపితే నా పరువు నూనెలో ఈదుతుంది! నువ్వా బల్ల వదిలి కదలకు!”

గంజిగారు తన చొక్కా అక్కడే విసిరేసి, సూదబ్బాయిది ఒకటి తొడుక్కుని వెళ్ళిపోయాడు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు.

మధ్యాహ్నమంతా ఇల్లాలు ఆ చొక్కా ఉతికింది. మచ్చలు పోలేదు గానీ సబ్బు పోయింది. పోతే పోనీ, తను గెలిచిందిగా! అదే నీళ్ళలో పీక కడగబోతే చేతికి ఏదో తగిలింది. పీక చుట్టూ నీలం దారం. బిగించి, వరసలు తప్పకుండా, చివర కుట్టుమిషన్ల వాళ్ళు వేసే ముడి. తను దారం చుట్టలేదే!

తడిచేతుల్తో వరండాలోకి వచ్చింది. “ఏవండీ, ఈ దారం?”

“లూజుగా పెట్టావు,” అన్నాడు ఆయన, ఇంజను దగ్గర్నుంచి తల తిప్పకుండా. “గంజిగారు వంగకముందే ఊడిపోయేది.”

“మీకు... తెలుసా?”

“ఇత్తడి ఒంటికి మంచిదన్ననాడే తెలుసు.”

“మరి తెలిసీ మంచం కిందెందుకు దూరారు?”

“నువ్వు కూడా దూరావుగా. బాగుంది. ఇద్దరం కలిసి ఒక పని చేసి ఎన్నాళ్ళైందే?” అని, “వెళ్ళొద్దని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?” అన్నాడు.

“వెళ్ళనని మీరంటే మీ సొమ్మేం పోయేది?”

జవాబు బుడ్డోడే చెప్పాడు, “బ్బ.”

“పోన్లెండి. ఇక దాని జోలి మానేసి లోపలికి రండి.”

“ఎలా వస్తానే? నువ్వు పెట్టి, నేను చుట్టి, ఆయిలు ఆపే సీళ్ళన్నీ తన్నేశాయి. ఇంజను మొత్తం విప్పాలి. ఆర్నెల్ల పని.”

ఆర్నెల్లు! ఎత్తంతా వేసి తను గెల్చుకున్నది మళ్ళీ ఆ వీపే. ఇల్లాలు గుమ్మంలో నిలబడి దాన్ని చూసింది. తర్వాత లోపల్నించి ముక్కాలిపీట తెచ్చి, బుడ్డోణ్ణి ఒళ్ళో వేసుకుని, బండికి అవతలి పక్కన కూర్చుంది. ట్యాంకు కింద సందులోంచి ఆయన మొహం కనబడింది. ముక్కు మీద మసి.

ఆయన ఆమెని చూసి పానా కింద పెట్టాడు. “చెప్పు. ఏంటి కబుర్లు?”

ఇన్నాళ్ళూ కూడబెట్టిన మాటల్లో సమయానికి ఒక్కటీ రాలేదు. వెతికి వెతికి, “బుడ్డోడికి పన్నొచ్చింది,” అంది.

“ఎప్పుడు?”

“వచ్చి చాన్నాళ్ళైంది.”

“మరి చెప్పలేదేం?”

“చెప్పాను. మీ వీపుకి.”

ఆయన మసి వేలు ట్యాంకు కిందనుంచి బుడ్డోడి నోటి దాకా వచ్చింది.

“ముందు చెయ్యి కడుక్కు రండి!”

ఆయన లేచి పరుగున లోపలికి వెళ్ళాడు. “సబ్బేదే?” అని కేక వినబడింది. సబ్బు గంజిగారి చొక్కా తినేసిందని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. బుడ్డోడి కింది పెదవి వేలితో లాగి పట్టుకుని, ఆయన వచ్చేదాకా పన్ను ఎక్కడికీ పోకుండా కాపలా కూర్చుంది.