వెంకోబారావు సారుకు తెలుగు పోయింది

ఆ ఉదయం ఆదోనిలో ఉగ్గాని తింటూ వెంకోబారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రెండో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి ఒక్క తెలుగు ముక్క కూడా దొర్లకుండా ఇంగ్లీషు పాఠం చెప్పాలి. పెద్దకడుబూరు మండలంలో ఒక ఊరి హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు మాస్టరుగా ఉన్న మనిషికి ఇదేం పెద్ద పని అనిపించవచ్చు. కానీ ఆ ఇరవై ఏళ్లూ ఆయన ఇంగ్లీషును తెలుగులోనే చెప్పాడు. కర్తరి వాక్యాన్ని కర్మణిగా, కర్మణిని మళ్లీ కర్తరిగా మార్చడంలో ఆయన పిల్లలు ఆరితేరారు. మంచినీళ్లు కావాలని ఇంగ్లీషులో అడగమంటే మాత్రం దాహం చంపుకునేవాళ్లు.

పోయిన వారం ఎమ్మిగనూరులో జరిగిన శిక్షణ ఆయన కళ్లు తెరిపించింది. భాష నేర్పేది కాదట, దాని అవసరం కల్పించాలట. తరగతి గదిలో నిజజీవితాన్ని సృష్టిస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే మాట్లాడేస్తారట. తప్పులు దిద్దకూడదట. భావం అందితే చాలట. ఈ విషయం ఒంటబట్టడానికి యాభై దాటిన మాస్టర్లందరూ గుండ్రంగా నిలబడి, ఒకరి మీదికొకరు బంతి విసురుకుంటూ "మై నేమ్ ఈజ్..." అని పరిచయం చేసుకున్నారు. వాళ్లలో సగం మంది వియ్యంకులు.

మామూలుగా అయితే వెంకోబారావు ఈ జ్ఞానాన్ని బస్సు దిగేలోపే మరిచిపోయేవాడు. కానీ శిక్షణ ఎంతవరకు అమలవుతోందో చూడడానికి అపర్ణ మేడం అనే కొత్త అధికారి బడి బడికీ తిరుగుతోంది. తుగ్గలి వైపు ఒక మాస్టరు ఆమె ఎదుట ఓ పిల్లవాణ్ణి తెలుగులో "కూర్చో" అన్నందుకు మెమో అందుకున్నాడని చెప్పుకుంటున్నారు. వెంకోబారావుకు ఆదోనికి బదిలీ రావలసి ఉంది. ఈ సమయంలో మెమో పడితే ఆ బదిలీ మారుమూల హాలహర్వి కూడా దాటి ఎటు పోతుందో తెలియదు. ఆమెను ఆయన ఎప్పుడూ చూడలేదు. కళ్లజోడు, కాటన్ చీర అని మాత్రం విన్నాడు.

నిజజీవితం కోసం ఆయన ఆసుపత్రిని ఎంచుకున్నాడు. తాను రోగి, పిల్లలు డాక్టర్లు.

"ఐ యామ్ సిక్. యూ ఆర్ డాక్టర్స్. ఆస్క్ మీ!" అన్నాడు తరగతిలోకి వస్తూనే.

పిల్లలు ఆయన్ను ఎవరో కొత్త మాస్టరును చూసినట్టు చూశారు. ఇంతలో గేటు దగ్గర కారు ఆగింది. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ కాటన్ చీరలో వరండా ఎక్కి, కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూసింది. వెంకోబారావు గుండె జారిపోయింది. దాని వెంటే మనిషి కూడా నేలమీదికి జారి, కడుపు పట్టుకుని, "పెయిన్! పెయిన్!" అంటూ పొర్లడం మొదలుపెట్టాడు.

ముందు బెంచీలో ఉన్న ఉరుకుందు లేచాడు. "ఏమైంది సార్?"

"నో తెలుగు! ఓన్లీ ఇంగ్లీష్!"

"సారు తెలుగు వద్దంటాండాడురా," అన్నాడు ఉరుకుందు బిక్కమొహం వేసి.

యశోద అనే అమ్మాయి మాత్రం అవసరాన్ని గుర్తించింది. ఇంగ్లీషు మాట్లాడవలసిన అవసరాన్ని కాదు. వంటగదికి పరుగెత్తి మధ్యాహ్న భోజనం వండే మారెమ్మను పిలుచుకొచ్చింది. మారెమ్మ చేతిలో సగం తరిగిన ఉల్లిగడ్డ, నడుముకు తాళాల గుత్తి ఉన్నాయి. మూర్ఛకు ఆమెకు తెలిసిన వైద్యాలూ ఆ రెండే. ఒకటి ఆయన ముక్కు కింద పెట్టి, రెండోది గుప్పిట్లో కుక్కింది.

"ఐ యామ్ ఆల్ రైట్!" అని అరిచాడు వెంకోబారావు, ఉల్లిగడ్డ ఘాటుకు కళ్లనిండా నీళ్లతో.

"రైట్ అంటాండాడు. కుడిపక్క నొస్తాందంట," అని ఉరుకుందు తెలుగు చేసి చెప్పాడు.

మారెమ్మ కుడిపక్క నొక్కింది. రోజూ మూడు వందల మందికి గంటె తిప్పే చెయ్యి అది.

"లీవ్ మీ! లీవ్ మీ!"

అదే సమయానికి హెడ్మాస్టరు దుర్గప్ప గడప దాటాడు. "లీవు సంగతి తర్వాత సూద్దాంలే స్వామీ. ముందు లెయ్యి," అన్నాడు. తోటి మాస్టరు నేలమీద పడి ఉన్నా లీవు విషయంలో నోరు జారకపోవడం ఆయన ప్రత్యేకత.

కిటికీలోని కళ్లజోడు కదలలేదు. తెలుగులో ఒక్క మాట అంటే చాలు, అంతా సర్దుకుంటుంది. ఆ ఒక్క మాటకే మెమో. అందుకని వెంకోబారావు హెడ్మాస్టరుకు రహస్యంగా కన్ను కొట్టి, మూతి పక్కకు తిప్పి కిటికీ వైపు చూపించాడు.

"మారెమ్మా, సూడు! కన్ను అదురుతాంది, మూతి వంకర పోతాంది! పచ్చవాతం!" అని దుర్గప్ప గోడకు ఆనుకున్నాడు. "ఇరవై ఏండ్ల నుంచి సూస్తాండా, ఈయప్ప నోట ఇంగ్లీషు ఇన్నది లేదు. మెదడుకు దెబ్బ తగిల్తే భాష మారిపోతాదంట. నిన్ననే ఫోన్లో సూసినా."

ఇంగ్లీషు మాస్టరు ఇంగ్లీషు మాట్లాడడమే రోగలక్షణమని తేలిపోయాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేశారు. దుర్గప్ప ఆదోనిలో ఉన్న వెంకోబారావు భార్య సరస్వతీబాయికి చేశాడు.

"అమ్మా, గాబరా పడొద్దు. సారుకు తెలుగు పోయింది."

"తెలుగు పోతే పోనీలెండి," అంది సరస్వతీబాయి. మంత్రాలయం దగ్గర పుట్టి పెరిగిన ఆమె ఇంట్లో మాట్లాడేది కన్నడమే. "కన్నడ ఉందా పోయిందా, అది సెప్పండి ముందు."

దుర్గప్ప ఫోన్ చేత్తో మూసి, వంగి, "ఊట ఆయితా స్వామీ?" అని భోజనం సంగతి కన్నడంలో అడిగి పరీక్షించాడు.

"నో కన్నడ ఆల్సో!" అన్నాడు వెంకోబారావు పళ్లు నూరుతూ.

"అమ్మా... అది కూడా పోయిందమ్మా."

అవతల నుంచి ఏడుపు వినిపించింది. ఇవతల తలుపు దగ్గర సగం ఊరు చేరింది. పత్తి చేలకు బయల్దేరిన వాళ్లు కూడా సారుకు భాష పోవడం చూసిపోదామని ఆగారు. అంబులెన్సు వచ్చింది. అందులోని మనిషి పేరడిగితే వెంకోబారావు తడుముకోకుండా "మై నేమ్ ఈజ్ వెంకోబారావు" అన్నాడు. శిక్షణ వృథా పోలేదు. ఆ మనిషి బీపీ చూసి, పెదవి విరిచి, "మోయండప్పా," అన్నాడు. ఆ పరిస్థితిలో బీపీ పెరగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ.

స్ట్రెచర్ వరండాలోకి వచ్చింది. కళ్లజోడు ఆవిడ పక్కకు తప్పుకుని, దుర్గప్ప దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"సార్, ఈ టైములో అడక్కూడదు. నేను పత్తి విత్తనాల కంపెనీ నుంచి వచ్చినా. రైతుల మీటింగుకు మీ గ్రౌండు ఇస్తారేమోనని ఇంతసేపూ కాసుకోనుండా."

స్ట్రెచర్ మీద వెంకోబారావు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"విత్తనాలా? ఇంతసేపూ కిటికీ కాడ నిలబడి నా ప్రాణం తీసింది విత్తనాల కోసమా? మారెమ్మా, నా డొక్క విరగ్గొట్టినావు కదే! నాకు ఏ రోగమూ లేదప్పా! పాఠం చెప్తాండా! పాఠం!"

మారెమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "తెలుగొచ్చింది! సారుకు తెలుగొచ్చింది!" పిల్లలు చప్పట్లు కొట్టారు. ఊరు ఈలలు వేసింది.

ఆ ఈలల మధ్యే ఒక స్కూటీ వచ్చి ఆగింది. చుడీదార్ వేసుకున్న ఓ యువతి హెల్మెట్ తీసింది. కళ్లజోడు లేదు. "అయామ్ అపర్ణ," అని, అందరికంటే ముందున్న ఉరుకుందును అడిగింది. "వాట్ హ్యాపెన్డ్ హియర్?"

ఇంగ్లీషు మాస్టరు తెలుగు మాట్లాడినందుకు ఊరంతా పండగ చేసుకుంటుండగా అధికారి వచ్చింది. వెంకోబారావు కళ్లు మూసుకున్నాడు. మెమో ఇక ఖాయం.

ఉరుకుందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు ప్రాణం తన నోట్లో ఉందనుకున్నాడో ఏమో, జీవితంలో మొదటిసారి ఇంగ్లీషులో నోరు తెరిచాడు. "మేడం, సార్ పెయిన్. సార్ ఓన్లీ ఇంగ్లీష్. ఆనియన్ స్మెల్. అంబులెన్స్ కమ్. తెలుగు కమ్. నౌ సార్ ఓకే."

"కేమ్! కమ్ కాదురా, కేమ్!" అని స్ట్రెచర్ మీద నుంచే అరిచాడు వెంకోబారావు.

అపర్ణ మేడం వేలెత్తి ఆపింది. "నో కరెక్షన్, సార్. భావం అందింది." ఆమె అంబులెన్సును చూసింది, ఊరిని చూసింది, ఉల్లిగడ్డను చూసింది. కళ్లు మెరిశాయి. "రోల్‌ప్లేకు నిజం అంబులెన్సు! ఊరందరికీ పాత్రలు! ఇన్ని బడులు చూసినాను, ఇంత నిజజీవితం ఎక్కడా లేదు."

నిజం చెప్పడానికి వెంకోబారావు నోరు తెరిచాడు. తుగ్గలి మాస్టరు గుర్తొచ్చి మూసుకున్నాడు. "థాంక్యూ మేడం," అన్నాడు.

దాని ఫలితం నెల తిరక్కుండానే తెలిసింది. ఇలాంటి మాస్టరు పల్లె పిల్లలకే కావాలని అపర్ణ మేడం గట్టిగా సిఫారసు చేయడంతో ఆదోని బదిలీ ఆగిపోయింది. అంతేకాదు, ఈ పాఠాన్ని ఎమ్మిగనూరులో అరవై మంది మాస్టర్ల చేత చేయించే బాధ్యత కూడా ఆయన మీదే పడింది.

అరవై మందీ పొర్లడానికి శిక్షణ కేంద్రం వాళ్లు ఇప్పటికే చాపలు తెప్పించారట.